దుప్పటి తిరిగి ఇచ్చిన అవ్వ: మా సంఘం ఈ డబ్బుతో ఏం చేయాలి?

జీడితోట (పలాస దగ్గర)

అందరికీ వందనాలు.

మాది పలాసకు దగ్గరలో ఉన్న చిన్న క్రైస్తవ సంఘం, అరవై కుటుంబాలు. ఆడవాళ్లలో సగం మంది జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే పనికి వెళ్తారు. మగవాళ్లలో కొబ్బరికాయలు దింపేవాళ్లు, తాపీ పనికి హైదరాబాదు, చెన్నై వెళ్లి ఆరు నెలలకు ఒకసారి ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువ. సంఘం లెక్కలు నేనే రాస్తాను.

ప్రతి క్రిస్మస్‌కూ చుట్టుపక్కల వీధుల్లో దుప్పట్లు పంచుతాం. మొన్న డిసెంబరులో నూట ఇరవై పంచాం. వరుసలో నిలబెట్టి, పేరు పిలిచి, చేతిలో పెట్టి, దాతలకు పంపడానికి ఫొటోలు తీశాం. ఆ రోజు చీకటి పడ్డాక వీధి చివర ఉండే ఒక అవ్వ మా గుమ్మంలోకి వచ్చింది. ఆమె మా సంఘస్థురాలు కాదు. దుప్పటి కవరు కూడా విప్పలేదు. దాన్ని అరుగు మీద పెట్టి, కొంగుతో పైన ఉన్న దుమ్ము తుడిచి, "బాబూ, ఇంట్లో నాలుగు దుప్పట్లు ఉన్నాయి, ఇది లేనివాళ్లకు ఇవ్వు. మా పెద్దవాడిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. కోడలు వాడితో వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. తోడు వెళ్లే మనిషి ఎవరైనా ఉంటే చెప్పు" అంది.

ఆమె ఇంటికీ మా మందిరానికీ మధ్య ఆరిళ్లు. ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్లం, కిడ్నీ జబ్బు లేని వీధి ఇక్కడ లేదని తెలిసినవాళ్లం. అయినా ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఏనాడూ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు సంఘం దగ్గర లక్షా ఎనభై వేల రూపాయలు ఉన్నాయి. పెద్దల్లో కొందరు మళ్లీ దుప్పట్లే అంటున్నారు, కొందరు కుట్టుమిషన్లు అంటున్నారు, మిగిలినవాళ్లు మందిరానికి ప్రహరీ అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు దారి చూపండి.

రాజాం అబ్బాయి (హైదరాబాదు)

అన్నయ్యా, నేను ఏటా దుప్పట్లకు డబ్బు పంపేవాళ్లలో ఒకణ్ణి. మీ ఊరికి కాదు, మా ఊరికి. చలిలో ఉన్న సహోదరుడికి ఏమీ ఇవ్వకుండా "వెచ్చగా ఉండు" అని పంపేస్తే ప్రయోజనం ఏమిటని యాకోబు పత్రిక అడుగుతుంది కదా. దుప్పటి ఇవ్వడం తప్పు అనే మాట వస్తే నేను ఒప్పుకోలేను.

అయితే ఫొటో అడిగింది మాలాంటివాళ్లమే. దాని గురించి ఆలోచిస్తున్నాను.

పాత నర్సు (సోంపేట ప్రాంతం)

జీడితోట బాబూ, ఆ అవ్వ నీకు పెద్ద ఉపకారం చేసింది. నలభై ఏళ్లు రోగుల మంచాల పక్కన పనిచేశాను. దుప్పటి వెనక్కి తెచ్చి, తనకు నిజంగా కావలసింది చెప్పిన మనిషిని ఇద్దరినో ముగ్గురినో చూశాను. మిగతావాళ్లు తీసుకుని నవ్వి ఊరుకుంటారు. వద్దంటే వచ్చే ఏడాది జాబితాలో పేరు ఉండదని వాళ్ల భయం.

మా సోంపేట సంగతి చెబుతాను. ఇక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ తరఫున డాక్టర్ బెన్ గలిసన్ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పని గురించి విని, కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఇవాళ అది చాలా దేశాల్లో పనిచేస్తోంది, దానికి బీజం పడింది మన సోంపేటలో. ఈ సంగతి మన పిల్లలకు చెప్పాలి.

కానీ డబ్బు కెనడా నుంచి వచ్చినా, శుక్లాలు ముదిరి చూపు పోయిన ముసలమ్మను ఆసుపత్రి దాకా నడిపించింది డబ్బు కాదు. ఆమె గుమ్మంలో కూర్చుని, "నా కంటికి చేశారు, చూడు" అని చెప్పిన పక్కింటామె. ఇంటికి పంపాక రోజుకు ఇన్నిసార్లు చుక్కల మందు వేసేది మనవరాలు. ఆ ఇద్దరూ లేకపోతే ఎంత మంచి డాక్టరు చేసిన ఆపరేషనైనా పాడవుతుంది.

మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ అని ఒక ఊరు ఉంది. రజనీకాంత్ ఆరోళే, మేబెల్ ఆరోళే అనే క్రైస్తవ డాక్టర్ దంపతులు 1970లో అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. అక్షరం రాని ఆడవాళ్లను, వాళ్లలో చాలామంది దళితులను, ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. ఎవరు ఉండాలో ఊరివాళ్లే ఎంచుకునేవారు. కాన్పులు, పిల్లల తిండి, నీళ్ల శుభ్రత అన్నీ వాళ్ల చేతుల్లోనే నడిచాయి. 1979లో ఆ దంపతులకు మెగసెసే పురస్కారం వచ్చింది. మా శిక్షణ రోజుల్లో ఇది విన్నప్పుడు నేను నమ్మలేదు. చదువుకున్న మాకే చేతకానిది వాళ్లకెలా వస్తుంది అనుకున్నాను. పనిలోకి దిగాక తెలిసింది: కాన్పు అర్ధరాత్రి వస్తుంది, ఆ వేళకు వీధిలో ఉండే మనిషే పనికొస్తుంది.

ముందు ఇల్లిల్లూ తిరగండి. చేతిలో కాగితం, పెన్ను పెట్టుకోవద్దు. కూర్చోండి, వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగండి, వినండి.

సొసైటీ గుమాస్తా (బొబ్బిలి దగ్గర, విశ్రాంత ఉద్యోగి)

ముప్పై ఒక్క ఏళ్లు వ్యవసాయ పరపతి సంఘంలో పనిచేసి బయటికి వచ్చాను. మన సంఘాల్లో చాలామందికి తెలియని ఒక కథ చెప్పాలి. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

జర్మనీలో ఫ్రీడ్రిక్ రైఫైజెన్ అని ఒకాయన ఉండేవారు. గట్టి క్రైస్తవ విశ్వాసి, చిన్న పల్లెలకు మేయరు. 1846, 47 సంవత్సరాల్లో పంటలు పోయి కరవు వచ్చింది. ఆయన ఊళ్లోని ఉన్నవాళ్ల దగ్గర డబ్బు పోగుచేసి, పిండి తెప్పించి, రొట్టెలు కాల్పించి పేదలకు అరువుకు ఇప్పించారు. కరవు గట్టెక్కింది. తర్వాత బదిలీ మీద వెళ్లిన పల్లెల్లో చూస్తే రైతు మళ్లీ అదే వడ్డీ వ్యాపారి గుమ్మంలో ఉన్నాడు. ఉన్నవాళ్ల దయ మీద నడిచే సాయం మొదట్లో వేడిగా ఉంటుంది, నాలుగేళ్లకు చల్లబడుతుంది. ఇది ఆయన కళ్లారా చూశారు. చివరికి 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అనే చోట అప్పు అవసరమైన రైతులే సభ్యులుగా ఒక పరపతి సంఘం పెట్టారు. దాని నియమాలు ఇప్పటికీ బంగారం లాంటివి. ఒకరికొకరు తెలిసినంత చిన్న ప్రాంతంలోనే సంఘం ఉండాలి. ఒకరు ఎగ్గొడితే అందరూ బాధ్యులు. లెక్కలు రాసేవాడికి తప్ప పెద్దలెవరికీ జీతం లేదు. లాభం పంచుకోకూడదు, నిధిలో వేయాలి.

ఇప్పుడు మన సంగతి. అప్పటి మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల మీద నివేదిక ఇమ్మని ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని పంపింది. ఆయన యూరప్ అంతా తిరిగి వచ్చి 1890ల్లో పెద్ద నివేదిక రాశారు. దాని సారం రెండు మాటల్లో చెప్పారు: రైఫైజెన్‌ను వెతకండి. అలాంటి మనిషి ప్రతి తాలూకాలో దొరకాలని ఆయన భావం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన ఊళ్లో ఎరువుల బస్తాలు అమ్మే సొసైటీ భవనం వెనక ఉన్న చరిత్ర ఇది. ఒక విశ్వాసి రొట్టెలు పంచి, అది చాలదని ఒప్పుకోవడంతో మొదలైంది.

అందుకే రాజాం అబ్బాయితో నాకు తగువు లేదు బాబూ. రొట్టె పంచినందుకు రైఫైజెన్ తప్పు చేయలేదు. అక్కడ ఆగిపోయి ఉంటే ఆయన పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు.

రాజాం అబ్బాయి

గుమాస్తా గారూ, ఇది నాకు కొత్త. ధన్యవాదాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు మేం నలుగురం బియ్యం, తాగునీళ్లు వేసుకుని వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాం. ఆ రోజు "మీకేం కావాలి" అని మీటింగు పెట్టి అడిగితే తిట్టేవాళ్లు. పెట్టాలి, అంతే. కానీ నెల తర్వాత మళ్లీ వెళ్తే మళ్లీ బియ్యమే తీసుకెళ్లాం. అప్పటికి వాళ్లకు కావలసింది తోటలో అడ్డంగా పడిన కొబ్బరి మానులు కోసి, మొద్దులు పెకలించే మనుషులు. కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, మొద్దులు తీయకపోతే అసలు నాటడమే కుదరదు. మా బండిలో ఒక్క రంపం కూడా లేదు.

సీతంపేట మాస్టారు

నేను సవరవాణ్ణి, క్రైస్తవుణ్ణి, సర్కారు బడిలో పంతులుని. 2022లో జిల్లాలు విడదీశాక మాది పార్వతీపురం మన్యం అయింది. ఇప్పటికీ ఊరు అడిగితే నోట శ్రీకాకుళమే వస్తుంది.

మా కొండ మీద సాయాల శిథిలాలు చాలా ఉన్నాయి. ఒక సంస్థ మేకలు ఇచ్చింది. కింది ప్రాంతపు జాతి, మా కొండ వానకు ఆగలేదు, ఒక వానాకాలంలోనే పోయాయి. మరొకరు కట్టించిన మరుగుదొడ్లలో నీళ్లు లేవు, ఇప్పుడు అందులో కట్టెలు పేరుస్తున్నారు. ఎవరిదీ చెడ్డ మనసు కాదు. కొలతలు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, బోర్డు పెట్టారు. మా వాళ్లతో మాట్లాడినది మాత్రం తెలుగులో. మా ముసలమ్మలు అన్నిటికీ తల ఊపారు. అర్థం కాలేదని చెప్పడం మర్యాద కాదని వాళ్ల పద్ధతి.

గిడుగు రామమూర్తి గారిని తెలుగువాళ్లు వ్యావహారిక భాష కోసం తలుచుకుంటారు. మేం వేరే కారణానికి తలుచుకుంటాం. మా పిల్లలకు బడి పెట్టాలని ఆయన ముందు మా భాష నేర్చుకున్నారు, పాఠాలు రాశారు, తర్వాత వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. క్రైస్తవులు కాకపోయినా, వాక్యము శరీరధారియై మన మధ్య నివసించింది అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకొస్తారు. మన మధ్యకు రావడం అంటే మన మాటలోకి రావడం.

ఇప్పుడు ఒక చిన్న సంగతి. మూడేళ్ల కిందట మా సంఘం ఆడవాళ్లను, "మన దగ్గర కొద్దిగా డబ్బు ఉంది, ఏం చేద్దాం" అని సవరలో అడిగాను. మూడు ఆదివారాలు ఎవరూ పలకలేదు. నాలుగో ఆదివారం ఒకామె, "కాటా కొనండి" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది: చింతపండు, కొండచీపుర్ల కట్టలు, పసుపు సంతకు మోసుకెళ్తే వర్తకుడి కాటా మీద తూస్తారు. ఇంటి దగ్గర రాయి కట్టి తూచినప్పుడు పది వచ్చింది, సంతలో ఎనిమిది వస్తుంది. గట్టిగా అడగడానికి చేతిలో రుజువు లేదు. కొన్నాం. కొన్ని వేల రూపాయలు, అంతే. మందిరం వరండాలో పెట్టాం. సంత రోజు తెల్లవారుజామున అందరూ వచ్చి తూచుకుని, బరువు చీటీ మీద రాసుకుని దిగుతారు. క్రైస్తవులు కానివాళ్లు కూడా వస్తారు. మొదటి వారం చీటీ చూపించినప్పుడు వర్తకుడు ఏమీ అనలేదట, తన కాటా ఒకసారి తట్టి మళ్లీ తూచాడట. ఈసారి పది వచ్చింది.

దొంగ త్రాసు యెహోవాకు హేయము అని సామెతల్లో ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. ఆ వాక్యానికి కాటా కొనాలని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది.

గడప అవతల (విజయనగరం)

నేను క్రైస్తవుణ్ణి కాను. ఈ చర్చ చదువుతుంటే ఒక మాట అడగాలనిపించింది, కోపంతో కాదు.

మా తాతగారికి కుష్ఠు వ్యాధి ఉండేది. ఇంట్లో కంచం వేరు, గది వేరు. సాలూరులో లూథరన్ మిషన్ వాళ్ల ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో వైద్యం చేశారు. పుండ్లు కడిగి కట్టు కట్టినవాళ్లు ఆయన మతం మార్చమని అడగలేదు. చివరిదాకా ఆయన మా పెరటిలో తులసికోటకు నీళ్లు పోస్తూనే ఉన్నారు, ఆ ఆసుపత్రి పేరు వింటే దణ్ణం పెడుతూనే ఉన్నారు. అది మా ఇంటి అప్పు, నేను మరచిపోను.

కానీ కోవిడ్ కాలంలో మా పక్క వీధిలో ఒక బృందం బియ్యం ఇచ్చి, వచ్చే ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్లకే మళ్లీ ఇస్తామని పేర్లు రాసుకుంది. ఆకలిగా ఉన్నవాడి ముందు అలా పేరు రాసుకోవచ్చా? మీరు అభివృద్ధి అంటుంటే మాకు వచ్చే అనుమానం ఇదే.

చిన్న మంద కాపరి (టెక్కలి వైపు)

అయ్యా, మీ ప్రశ్నకు ఒక పాస్టరు జవాబు చెప్పాలి, కాబట్టి చెబుతున్నాను. రాసుకోకూడదు. అది తప్పు. మనిషి ఆకలిని పట్టుకుని బేరం చేయడం సువార్త కాదు.

లూకా పదిహేడో అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు బాగయ్యారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, వాడు కూడా సమరయుడు. మిగతా తొమ్మిదిమంది గురించి ప్రభువు అడిగాడు, బాధపడ్డాడు. కానీ వాళ్ల చర్మానికి రోగం తిరిగి రప్పించలేదు. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. మా నమ్మకం గురించి ఎవరైనా అడిగితే సంతోషంగా చెబుతాను, దాచను. అడగనివాడికి కూడా అన్నం అంతే వడ్డించాలి. ఈ రెండూ కలిపి చేయగలిగితేనే చేయాలి.

ఇక జీడితోట తమ్ముడికి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మరోసారి చదవండి. అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఎంచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే! ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు మనుషులకే సంచి అప్పగించారు. మన సంఘాల్లో లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూడండి.

అమెరికాలో జాన్ పెర్కిన్స్ అనే నల్లజాతి సేవకుడి సంగతి చెబుతాను. మిసిసిపీలో ఆయన అన్నను పోలీసు కాల్చి చంపాడు. కాలిఫోర్నియా వెళ్లి బాగా స్థిరపడి, 1960లో భార్యాపిల్లలతో మళ్లీ ఆ మిసిసిపీకే తిరిగి వచ్చారు. 1970లో జైల్లో చావు దెబ్బలు తిన్నారు, అయినా పని వదల్లేదు. ఆయన మూడు మాటలు చెప్పారు: పేదల మధ్యకు వచ్చి నివసించడం, విడిపోయిన జాతులు సమాధానపడటం, ఉన్నదాన్ని పంచుకోవడం. ఈ మూడింటిలో మొదటిది దేవుడు మనకు ఉచితంగా ఇచ్చాడు, మనం అక్కడే పుట్టాం. రెండోది ఇవ్వలేదు. కులాల వారీగా సంఘాలు, కులాల వారీగా శ్మశానాలు పెట్టుకుని ఊరిని బాగుచేస్తామంటే ఎవరు నమ్ముతారు?

తర్వాత దోర్నకల్ బిషప్పు అయిన మన అజరయ్య గారు 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. అప్పట్లో అది తెల్లదొరలను అడిగిన ప్రశ్న. ఆ అవ్వ దుప్పటి అరుగు మీద పెట్టి మనల్ని అడిగింది కూడా అదే.

గడప అవతల

అయ్యగారూ, సూటిగా చెప్పారు. సంతోషం.

డ్వాక్రా లెక్కల పుస్తకం (కాశీబుగ్గ)

ఇన్ని పోస్టుల్లో ఆడవాళ్ల మాట పాత నర్సమ్మ ఒక్కరిదే. నేను రెండోదాన్ని.

కుట్టుమిషన్ల గురించి ముందు చెబుతాను. మా వీధిలో ఇప్పటికే పదకొండు మిషన్లు ఉన్నాయి. పండక్కి తప్ప జాకెట్లు కుట్టించేవాళ్లు లేరు, రెడీమేడ్ నైటీలు వేసుకుంటున్నారు. మరో పది మిషన్లు ఇస్తే ఉన్న పదకొండు మంది కూలి కూడా పడిపోతుంది. మిషను ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా ఒక్క జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చారా?

అప్పు ఇస్తామంటారేమో, దాని సంగతీ చూశాం. 2010కి ముందు వారం వారం వసూలుకు వచ్చే సూక్ష్మరుణ సంస్థలు ఇంటి ముందు కూర్చునేవి. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లతోనే ఆమెను తిట్టించేవాళ్లు. గుమాస్తా గారు చెప్పిన 'అందరూ బాధ్యులు' అన్న నియమం పరాయివాడి చేతిలో పడితే ఎలా ఉంటుందో మాకు తెలుసు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాకే ఊపిరి పీల్చుకున్నాం. డబ్బు ఎవరిది, పుస్తకం ఎవరి దగ్గర, గడువు పెంచే అధికారం ఎవరిది అని అడగకుండా పొదుపు మాట ఎత్తవద్దు.

ఇప్పుడు అసలు మాట. జీడితోట అన్నయ్యగారూ, మీ సంఘంలో సగం మంది ఆడవాళ్లు జీడిపిక్కలు కొడతారన్నారు. వాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? పిక్క పగిలినప్పుడు వచ్చే నూనె తగిలితే చర్మం ఊడుతుంది. వేళ్ల కొనలు నల్లబడి, గీతలు కనిపించవు. రేషను దగ్గర వేలిముద్ర వేస్తే మిషను తీసుకోదు. రెండోసారి, మూడోసారి వేయమంటారు, వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు. పనికి కూర్చునే ముందు బూడిద రాసుకుంటారు, కొందరు ఆముదం రాసుకుంటారు. కిలోల లెక్కన కూలి. చేతి తొడుగు వేసుకుంటే పప్పు ముక్కవుతుంది, ముక్కకు రేటు తక్కువ.

ఆ ఆడవాళ్లు కూర్చునే మందిరంలోనే పరిశ్రమ యజమానులు కూడా కూర్చోరా? కానుక పెట్టెలో వాళ్లు వేసే పెద్ద నోటు, దుప్పట్లకు వాళ్లు ఇచ్చే చందా మనకు తెలుసు. పొలం కోసినవారి కూలి మోసంగా బిగపట్టితే అది మొరపెడుతుందని యాకోబు అయిదో అధ్యాయంలో ఉంది. రాజాం తమ్ముడు రెండో అధ్యాయం చెప్పాడు, అయిదు కూడా చదవాలి. దుప్పటి ఇచ్చి కూలి తగ్గిస్తే అది ఏ సేవ?

జీడితోట

అక్కగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా సంఘంలో ఒక యజమాని ఉన్నారు. మా దుప్పట్లలో మూడో వంతు ఆయన ఇచ్చినవే. ఏం చెప్పాలో ఇప్పుడు తోచడం లేదు. తప్పించుకోవడం లేదు, సమయం ఇవ్వండి.

సొసైటీ గుమాస్తా

డ్వాక్రా అమ్మ చెప్పింది నిజం. పరపతి సంఘాలను కూడా పైవాళ్ల చేతుల్లో పెట్టాక ఏమయ్యాయో లోపల ఉండి చూశాను.

ఒక్క మాట డబ్బు ఎక్కడిదన్నదాని మీద. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక ఒక సంస్థ తెచ్చుకున్న నిధిని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పెద్ద సంస్థల చేయి చూసిన చిన్న సంఘాలు చాలా ఖాళీ అయ్యాయి. అది చూసి మనవాళ్లు ఏడ్చారు. నేను మాత్రం మిజోరం వైపు చూడమన్నాను. అక్కడి ఆడవాళ్లు 1910 నుంచి వంట చేసేటప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసి, పోగుచేసి సంఘానికి ఇస్తున్నారు. మన తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం కానుక ఉండేది, మా అమ్మ డబ్బా ఇప్పటికీ మా అటక మీద ఉంది.

చిన్న మంద కాపరి

ఎలీషా ప్రవక్త దగ్గరకు అప్పులపాలైన విధవరాలు వస్తే ఆయన అడిగింది, "నీ ఇంట్లో ఏముంది?" అని. పిడికెడు బియ్యం అంటే నాకు అదే గుర్తుకొచ్చింది. ఆమె ఇంట్లో ఉన్న నూనె, పొరుగువాళ్ల దగ్గర అడిగి తెచ్చిన ఖాళీ పాత్రలు. పాత్రలు పొరుగువాళ్లవి, గమనించండి.

జీడితోట (నెల రోజుల తర్వాత)

అందరికీ వందనాలు. ఇంత ఆలస్యం చేసినందుకు మన్నించండి.

పాత నర్సమ్మ చెప్పినట్టే మొదటి రెండు వారాలు రూపాయి ఖర్చు పెట్టలేదు. అయిదుగురం, అందులో ముగ్గురు ఆడవాళ్లు, రెండు వీధుల్లో నలభై మూడు ఇళ్లు తిరిగాం. మా సంఘం ఇళ్లు వాటిలో పదహారే. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఆరుగురు తేలారు. ఏ ఇంట్లోనూ మొదటి అవసరం డబ్బు అని చెప్పలేదు. తోడు మనిషి, తెల్లవారుజామున ఆటో, పింఛను కాగితాలు రాసిపెట్టేవాడు. ఒకాయన, "నాలుగు గంటలు మంచం మీద ఉంటాను, మాట్లాడేవాడు లేడు" అన్నాడు.

దుప్పటి అవ్వ ఇంటికి నేనే వెళ్లాను. ఎవరు ఏ రోజు, ఏ వేళకు వెళ్తారో, ఎవరికి ఎవరితో పడదో, ఎవరు ఆటోలో ముందు కూర్చోకపోతే వాంతి చేసుకుంటారో అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఇన్నాళ్లూ మేం పంపకాలకు జాబితాలు రాస్తూ కూర్చున్నాం. ఇప్పుడు వారం వారం వంతులు ఆమె చెబితే నేను రాస్తున్నాను. తోడు వెళ్లేవాళ్లు పద్నాలుగు మంది పేర్లిచ్చారు. వాళ్లలో అయిదుగురు సంఘం బయటివాళ్లు. ఆటో పెట్రోలుకు ఇప్పటిదాకా ఆరు వేల చిల్లర అయింది. మిగతా డబ్బు బ్యాంకులోనే ఉంది, ఏం చేయాలో ఆ రెండు వీధులవాళ్లు కొబ్బరితోటలో కూర్చుని తేలుస్తామన్నారు. మందిరంలో పెడితే కొందరు రారని వాళ్లే చెప్పారు.

రాజాం తమ్ముడూ, ఫొటోలు లేవు. ఎవరైనా అడిగితే లెక్కల పుస్తకం చూపిస్తాను.

డ్వాక్రా అక్కగారికి. యజమాని దగ్గరకు పాస్టరు గారూ నేనూ వెళ్లాం. మొదటిసారి టీ ఇచ్చి పంపేశారు. రెండోసారి ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చారు. ఒకామె మాట్లాడకుండా చేతులు బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు. కూలి గురించి ఇంకా ఏమీ తేలలేదు. ఆముదం, సబ్బు పరిశ్రమ ఖర్చుతో పెడతానన్నారు, వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. వెళ్తాం.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. మొదటి వారం మా కుర్రాడు ఒకడు ప్రేమతో తన తోటలోంచి రెండు కొబ్బరి బొండాలు కోసి డయాలసిస్‌కు తీసుకెళ్లాడు. రోగి తాగబోతుంటే అక్కడి నర్సు పరిగెత్తుకొచ్చి లాక్కుంది. ఆ పిల్లవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు.

పాత నర్సు

ఆ పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనవద్దు, నాతో ఫోనులో మాట్లాడించు. ఆ నర్సు చేసింది సరైన పని. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయనివాడి ఒంట్లో అది బయటికి పోదు, రక్తంలో పేరుకుని గుండె ఆగిపోవచ్చు. అరటిపండ్లు కూడా అంతే. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది, నీళ్లకు కూడా ఒక్కొక్కరికి డాక్టరు చెప్పిన కొలత ఉంటుంది. పచ్చళ్లు, అప్పడాలు తీసుకెళ్లవద్దు. రోగి ఇంట్లో అడిగి, వాళ్లు కట్టి ఇచ్చిందే తీసుకెళ్లండి. సూదులు పెట్టే చేతికి బరువు మోయించవద్దు, ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టనివ్వవద్దు. అయిపోయాక లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి తీసుకురండి.

పద్నాలుగు మందినీ ఒక రోజు పోగుచేస్తే నేను వచ్చి చెబుతాను. సోంపేట నుంచి బస్సు ఉంది.

జీడితోట

అమ్మా, శుక్రవారం సాయంత్రం అయిదుకు రండి. బస్టాండుకు ఆటో పంపిస్తాను. అవ్వకు చెప్పాను, ఆమె ఇంటి అరుగు మీదే కూర్చుందాం అంది.

గడప అవతల

పింఛను కాగితాలు రాసిపెట్టేవాడు కావాలన్నారు. నేను సచివాలయంలో పనిచేసి మానేశాను, ఏ దరఖాస్తుకు ఏం జత చేయాలో తెలుసు. ఆదివారాలు విజయనగరం నుంచి రైల్లో పలాస రాగలను. మీ ప్రార్థన అయ్యేదాకా బయట చెట్టు కింద కూర్చుంటాను, ఎవరికి కావాలంటే వాళ్లు ఆధారు, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి కాగితాలు తీసుకుని రమ్మనండి.